పాత లాంబ్రెట్టాను ఇంట్లోనే బాగు చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్న 1971లో కొన్న లాంబ్రెట్టా ఎల్‌ఐ 150 ఇప్పటికీ మా ఇంటి వరండాలోనే ఉంటుంది, ఇప్పటికీ రోడ్డెక్కుతుంది. హైదరాబాద్‌లో ఇలాంటి బండి ఉన్నవాళ్లు, తాతగారి బండిని గోదాములోంచి బయటికి తీసినవాళ్లు నన్ను తరచూ అడిగేవి, వాటికి నేను చెప్పేవి ఇక్కడ రాశాను. కొలతలు ఎల్‌ఐ 150కి సంబంధించినవి. లాంబ్రెట్టా కుటుంబంలోనివే అయిన విజయ్ సూపర్‌కి, జీపీకి చాలావరకు ఇవే పనికొస్తాయి, అయినా మీ మాన్యువల్‌తో ఒకసారి సరిచూసుకోండి.

లాంబ్రెట్టా ఇటలీ బండి అంటారు. మా బండి మీద లక్నో అని ఉంది. అంటే ఒరిజినల్ కాదా?

ఒరిజినలే. మిలాన్ నగరంలో లాంబ్రాతే అనే పేట ఉంది. అక్కడ ఫెర్దినాందో ఇన్నొచెంతి కంపెనీ 1947లో ఈ స్కూటర్‌ను మొదలుపెట్టింది. పేటను బట్టే పేరు వచ్చింది. మన దేశంలో ముందు బొంబాయిలోని ఆటోమొబైల్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా లైసెన్సు తీసుకుని తయారు చేసింది. మా నాన్న బండి ఆ రకం. ఇటలీలో 1971లో ఉత్పత్తి ఆపేశాక మన ప్రభుత్వం ఆ యంత్రాలను, డ్రాయింగులను, పేరును కొనేసింది. అలా 1972లో పుట్టిన స్కూటర్స్ ఇండియా లిమిటెడ్ లక్నోలో విజయ్ సూపర్ తయారు చేసింది. అంటే మిలాన్‌లో తిరిగిన యంత్రాలే లక్నోకి వచ్చాయి. మన సనత్‌నగర్ ఆల్విన్ వాళ్ల పుష్పక్ స్కూటర్ కూడా ఈ కుటుంబంలోదే. ఎవరింట్లోనైనా పుష్పక్ ఉంటే దయచేసి పాత ఇనుము కింద అమ్మేయకండి.

నాకు స్పానర్ పట్టుకోవడం కూడా రాదు. నేను చేసుకోగలనా?

చేసుకోగలరు. ఈ బండిని సొంతదారు విప్పుకుంటాడన్న లెక్కతోనే తయారు చేశారు. పక్క డోర్లు రెండూ తీస్తే ఇంజన్ మొత్తం చేతికి అందుతుంది. కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు. పెట్రోలు, గాలి, కరెంటు, ఈ మూడూ సరైన సమయానికి కలిస్తే నడుస్తుంది, ఒకటి తప్పితే ఆగుతుంది.

మొదటి నెల మూడే పనులు చేయండి. ప్లగ్ విప్పి శుభ్రం చేయడం, కార్బొరేటర్ (పెట్రోలును, గాలిని కలిపేది) విప్పి కడగడం, గేర్ ఆయిల్ మార్చడం. ఈ మూడూ భయం లేకుండా వచ్చాయంటే మిగతావి వాటంతట అవే వస్తాయి. విప్పే ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీసుకోండి. విప్పిన నట్లను విప్పిన వరుసలోనే ఇడ్లీ ప్లేటు గుంటల్లో పెట్టుకోండి. మా ఇంట్లో పాత ఇడ్లీ ప్లేటు ఒకటి ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తోంది.

ఏ పనిముట్లు కావాలి? ఎక్కడ దొరుకుతాయి?

మామూలు స్పానర్ సెట్టులో 11, 14 సైజులు మంచివి ఉండాలి, ఎక్కువ పని వాటితోనే. ప్లగ్ పానా, ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే ఉక్కు ఆకులు), మంచి స్క్రూడ్రైవర్లు, ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్ ఒకటి. దాని వెనక సుత్తితో కొడితే మొండి స్క్రూ తల పాడవకుండా తిరుగుతుంది. వీటితో పాటు ఈ బండికే ప్రత్యేకమైనవి మూడు ఉన్నాయి: మాగ్నెట్‌ను (ఇంజన్ పక్కన తిరిగే అయస్కాంతాల చక్రం) బయటికి లాగే మాగ్నెట్ పుల్లర్, క్లచ్ స్ప్రింగులు నొక్కే కంప్రెసర్, వెనక హబ్ పుల్లర్. ఈ మూడూ లేకుండా ఆ పనులు మొదలుపెట్టకండి.

మాగ్నెట్ పుల్లర్ గురించి ఒక ముఖ్యమైన విషయం. దాని మర ఎడమచేతి మర, అంటే అపసవ్యంగా తిప్పితే ఎక్కుతుంది. ఇది తెలియక మామూలు మరలా సవ్యంగా తిప్పి మాగ్నెట్ మర కోసేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను. ఒకసారి ఆ మర పోతే ఆ తర్వాత మాగ్నెట్ తీయడానికి లేత్ దగ్గరికే వెళ్లాలి.

కొత్త పనిముట్లకు, బేరింగులకు రాణిగంజ్. పాతవాటికి ఆదివారం ఎర్రగడ్డ సంత, గురువారం జుమేరాత్ బజార్. పొద్దున్నే వెళ్లండి. పాత రకం పానాలు మంచి ఉక్కువి అక్కడ ఇప్పటికీ దొరుకుతుంటాయి.

పది కిక్కులు కొట్టినా స్టార్ట్ కావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంకో పది కొట్టకండి. ప్లగ్ విప్పి చూడండి. సగం సమాధానం అక్కడే ఉంటుంది.

ప్లగ్ పొడిగా ఉంటే పెట్రోలు ఇంజన్‌లోకి రావడం లేదని అర్థం. కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలోకి ట్యాప్ తిప్పండి. ధార సన్నగా, ఆగి ఆగి వస్తుంటే ట్యాప్ జాలీలో కచరా ఉంది, లేదా ట్యాంకు మూత గాలి రంధ్రం మూసుకుపోయింది. మూత తెరిచి మళ్లీ చూడండి, ధార పెరిగితే దొంగ దొరికినట్టే. ధార బాగుంటే కచరా కార్బొరేటర్‌లో ఉంది.

ప్లగ్ తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది కానీ మండడం లేదు. ప్లగ్‌ను క్యాప్‌కి పెట్టి హెడ్ (సిలిండర్ మూత) రెక్కలకు ఆనించి, రంధ్రానికి దూరంగా ఉంచి (ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, అది అంటుకుంటే చేయి కాలుతుంది) కిక్ కొట్టి చూడండి. నిప్పురవ్వ టప్పుమని శబ్దం చేస్తూ నీలంగా పడితే కరెంటు బాగుంది. పసుపుగా, బలహీనంగా పడితే, అసలు పడకపోతే ముందు కొత్త ప్లగ్ వేసి చూడండి, తర్వాత క్యాప్, ఆ తర్వాత పాయింట్లు (సరైన సమయానికి ప్లగ్ దగ్గర నిప్పురవ్వ పడేలా తెరుచుకుని మూసుకునే చిన్న స్విచ్చు). వరుస మార్చకండి. తేలికైనది ముందు, కష్టమైనది చివర. ప్లగ్ మార్చితే పోయేదానికి మాగ్నెట్ విప్పడమంటే గోటితో పోయేదానికి గొడ్డలి పట్టుకోవడమే.

కొత్త ప్లగ్ కొనేటప్పుడు పాతదాన్ని చేతిలో పట్టుకెళ్లి మర పొడవు పక్కపక్కనే పెట్టి చూడండి. పొడవు ఎక్కువైతే పిస్టన్‌కి తగులుతుంది.

కరెంటు నీలంగా ఉంది, ప్లగ్ తడిగానే ఉంది, అయినా స్టార్ట్ కావడం లేదంటే పెట్రోలు ఎక్కువైంది. ట్యాప్ మూసి, ప్లగ్ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఏడెనిమిది కిక్కులు కొట్టండి. ప్లగ్ తుడిచి పెట్టి, చోక్ లేకుండా ప్రయత్నించండి.

ఇంకో రకం ఉంది, ఇదే ఎక్కువ మందిని ఏడిపిస్తుంది. పొద్దున ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతుంది, ఇరవై నిమిషాలు తిరిగాక ఆగిపోతుంది, అరగంట చల్లారితే మళ్లీ ఏమీ జరగనట్టు నడుస్తుంది. కాయిల్ (ప్లగ్‌కి కావలసిన ఎక్కువ వోల్టేజీ ఇచ్చేది) గానీ కండెన్సర్ (పాయింట్ల దగ్గర నిప్పురవ్వలను తగ్గించేది) గానీ వేడికి పడిపోతోందన్నమాట. పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు ఎక్కువగా పడుతూ అవి నల్లగా కాలుతుంటే కండెన్సర్‌నే ముందు అనుమానించండి. ఆగిపోయిన చోటనే, వేడి మీదే ప్లగ్ తీసి కరెంటు చూడాలి. ఇంటికొచ్చాక చల్లారిన బండిని ఎంత చూసినా తప్పు కనపడదు.

పాయింట్లు నేనే సెట్ చేసుకోవచ్చా?

ప్రతి లాంబ్రెట్టా సొంతదారుకు రావలసిన పని ఇది. ఫ్యాన్ మీది కవరు తీసి, మాగ్నెట్‌కి ఉన్న కిటికీలోంచి చూస్తే పాయింట్లు కనిపిస్తాయి. మాగ్నెట్‌ను నెమ్మదిగా తిప్పుతూ పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట ఆపి, గేజ్‌తో కొలవండి. 0.35 నుంచి 0.45 మి.మీ. మధ్య ఉండాలి. నేను 0.40 పెడతాను. గేజ్ ఆకు కొద్దిగా పట్టుకుని జారాలి, బిగుసుకోకూడదు.

మా నాన్న గేజ్ తీశాక పోస్టుకార్డును సన్నగా చీల్చి పాయింట్ల మధ్య పెట్టి, మూసి, మెల్లగా లాగేవారు. కార్డు మీద నల్లటి గీత పడేది. గీత పడనంత వరకు మళ్లీ మళ్లీ లాగేవారు. గేజ్ ఆకుకున్న నూనె తడి పాయింట్ల మీద మిగిలితే అదే కరెంటును ఆపేస్తుందని నాకు అప్పుడు తెలియదు. ఇప్పుడు పోస్టుకార్డు బదులు విజిటింగ్ కార్డు వాడుతున్నాను.

పాయింట్ల గ్యాప్ మారితే టైమింగ్ కూడా మారుతుంది. కాబట్టి గ్యాప్ ముందు, టైమింగ్ తర్వాత. పిస్టన్ పై అంచుకు చేరడానికి 23 డిగ్రీల ముందు పాయింట్లు తెరుచుకోవాలి. తర్వాతి మోడళ్లలో కొద్దిగా తేడా ఉంది. క్యామ్‌కి ఆనుకుని ఉండే ఫెల్టు ముక్కకు చిటికెడు గ్రీజు పెట్టండి. అది ఎండిపోతే పాయింటు మడమ అరిగి, గ్యాప్ మూసుకుపోయి, ఒక రోజు హఠాత్తుగా బండి ఆగుతుంది.

మాగ్నెట్ బయటికి తీసినప్పుడు కింద పడేయకండి, సుత్తితో కొట్టకండి. అయస్కాంతం బలహీనపడితే కిక్ మీద కరెంటు సరిపోదు.

పెట్రోలులో ఆయిల్ ఎంత కలపాలి? బంకుల్లో ఇప్పుడు కలపరు కదా?

నా బండికి లీటరుకు 40 మి.లీ., అంటే 4 శాతం. ఇంజన్ కొత్తగా బోరు (పిస్టన్ ఆడే సిలిండర్) కొట్టించిన రోజుల్లో కొంచెం ఎక్కువ. తర్వాతి జీపీ లాంటి మోడళ్లకు 2 శాతం చాలు. మీది ఏదో మాన్యువల్‌లో చూసి పోయండి. నేటి టూటీ (టూ స్ట్రోక్) ఆయిళ్లు మంచివే. డబ్బా మీద జాసో (జపాన్ ప్రమాణం) ఎఫ్‌సి లేదా ఎఫ్‌డి అని ఉన్నది తీసుకోండి, పొగ తక్కువ వస్తుంది. ఫోర్ స్ట్రోక్ బండ్ల ఇంజన్ ఆయిల్ మాత్రం ఎన్నడూ కలపకండి.

ట్యాంకులో ముందు ఆయిల్ పోసి, మీద పెట్రోలు పట్టించండి, ఆ ధారకే కలిసిపోతుంది. పెట్రోలు పట్టాక మీద ఆయిల్ పోస్తే అది అడుగుకు చేరి మొదటి కిలోమీటరు పొగ, తర్వాత ఆయిల్ లేని పెట్రోలు. నా డిక్కీలో పాత దగ్గుమందు సీసా ఒకటి ఉంటుంది, దాని మీద 40, 80, 120 గీతలు గీసి పెట్టుకున్నాను.

ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ-20 పెట్రోలు పాత బండిని పాడు చేస్తుందా?

జాగ్రత్త పడకపోతే చేస్తుంది. ఇందులో 20 శాతం ఇథనాల్. ఇది మూడు విధాలుగా ఇబ్బంది పెడుతుంది.

ఒకటి, పాత రబ్బరును ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది. పెట్రోలు పైపు, ట్యాప్ వాషరు, కార్బొరేటర్ నీడిల్ కొన, వీటిని ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చేయండి. నాది మార్చకముందు ట్యాప్ మూసినా రాత్రంతా బొట్టు బొట్టుగా కారి, పొద్దున వరండా అంతా పెట్రోలు వాసన.

రెండు, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో బండి మూడు నాలుగు వారాలు కదలకుండా ఉంటే నీరు అడుగుకు దిగి ట్యాంకు లోపల తుప్పు మొదలవుతుంది. ఆయిల్ కలిపిన పెట్రోలును నెలకు మించి నిల్వ ఉంచకండి.

మూడోది ఎక్కువ మందికి తెలియదు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్టుతో (కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే ఇత్తడి ముక్క) అదే పెట్రోలు పోతున్నా మిశ్రమం పలచబడుతుంది, అంటే గాలి పాలు ఎక్కువవుతుంది. పలచబడితే ఇంజన్ వేడెక్కుతుంది. కంప్యూటర్ ఉన్న కొత్త బండి దాన్ని తనే సరిచేసుకుంటుంది, మన బండికి మనమే సరిచేయాలి. మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, ప్లగ్ రంగు చూసుకోండి. ఇరానీ చాయ్ రంగులో ఉంటే అంతా బాగున్నట్టు. సున్నంలా తెల్లగా ఉంటే ఇంకా పలచగా ఉంది. నల్లగా జిడ్డుగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది.

మీ బంకు పెట్రోలులో ఇథనాల్ ఎంతో ఇంట్లోనే చూడొచ్చు. గీతలున్న గాజు గొట్టంలో 10 మి.లీ. నీళ్లు, మీద 80 మి.లీ. పెట్రోలు పోసి, మూత బిగించి బాగా కుదిపి పక్కన పెట్టండి. ఇథనాల్ పెట్రోలును వదిలి నీళ్లలోకి దిగుతుంది. పది దగ్గరున్న నీటి గీత పాతిక దాకా ఎగబాకడం కళ్లారా చూడొచ్చు. మంటకు దూరంగా, ఆరుబయట చేయండి.

కార్బొరేటర్ ఎలా కడగాలి?

విప్పి, జెట్లు బయటికి తీసి, కార్బొరేటర్ క్లీనర్‌తో తడిపి, గాలి కొట్టి శుభ్రం చేయాలి. పంక్చర్ షాపులో అడిగితే గాలి కొట్టిస్తారు. జెట్టులోకి తీగ, గుండుసూది ఎప్పుడూ దూర్చకండి. జెట్టు ఇత్తడిది, మెత్తనిది. రంధ్రం చూపుకు అందనంత కొద్దిగా పెద్దదైనా మిశ్రమం మారిపోతుంది, ఆ తర్వాత ఎంత ట్యూన్ చేసినా బండి కుదురుగా నడవదు. చెవి దగ్గర ఫ్లోట్ (కార్బొరేటర్‌లో పెట్రోలు మీద తేలే బోలు ముక్క) ఊపి చూడండి. లోపల చప్పుడైతే దానిలో పెట్రోలు చేరింది, మార్చాలి.

ఎండాకాలం ట్రాఫిక్‌లో ఇంజన్ వేడెక్కి ఆగిపోతోంది. బండి పట్టేస్తుందని భయంగా ఉంది.

ఈ ఇంజన్‌కు చల్లదనం ఫ్యాన్ గాలి నుంచే. మాగ్నెట్ మీది రెక్కలు గాలి తోస్తే, చుట్టూ ఉన్న రేకు కవర్లు ఆ గాలిని హెడ్డు మీదికి, బోరు మీదికి మళ్లిస్తాయి. చాలా బండ్లలో ఎవరో ఎప్పుడో విప్పి ఆ రేకులు మళ్లీ బిగించి ఉండరు. అవి లేకుండా ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు. హెడ్డు, బోరు రెక్కల మధ్య నూనె, దుమ్ము కలిసి గట్టిపడిన మట్టిని చెక్క పుల్లతో గీకి తీసేయండి. సిగ్నల్ దగ్గర నిమిషం దాటి ఆగాల్సొస్తే ఇంజన్ ఆపేయండి.

ఇక పట్టేయడం, అంటే వేడికి పిస్టన్ బోరులో బిగుసుకుపోవడం గురించి. నాకు జరిగింది చెబుతాను. ఒక ఏప్రిల్‌లో వికారాబాద్ బయల్దేరాను. చేవెళ్ల దారిలో ఆ మర్రిచెట్ల నీడలో సాఫీగా వెళుతుంటే యాక్సిలరేటర్ తగ్గించినా ఇంజన్ వేగం వెంటనే తగ్గలేదు. ఏదో తేడాగా ఉందని అనిపించింది కానీ ఆగలేదు. ఇంకో మూడు కిలోమీటర్లకు ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు బండి బరువెక్కింది. చేయి క్లచ్ మీదే ఉంది కాబట్టి నొక్కేశాను. లేకపోతే వెనక చక్రం బిగుసుకుపోయి రోడ్డు మీద పడేవాణ్ని. మర్రిచెట్టు కింద ముప్పావు గంట కూర్చున్నాను. కిక్ మెల్లగా కదిలింది. ప్లగ్ రంధ్రంలో రెండు చుక్కలు టూటీ ఆయిల్ వేసి, స్టార్ట్ చేసి, నలభై దాటకుండా ఇంటికొచ్చాను.

విప్పి చూస్తే మాగ్నెట్ వైపు ఆయిల్ సీలు (షాఫ్ట్ చుట్టూ గాలి, నూనె దూరకుండా ఆపే రబ్బరు రింగు) పెదవి చిట్లింది. అంతకు నెల ముందు ఒకచోట ఇంజన్ పని చేయించాను, పాత సీలునే మళ్లీ పెట్టారు. సీలు పక్కనుంచి గాలి లోపలికి దూరి మిశ్రమం పలచబడింది. చిన్న సీలు మార్చనందుకు పిస్టన్, రింగులు, బోరు ఖర్చు మీద పడింది. అందుకే ఇంజన్ ఎప్పుడు విప్పినా సీళ్లన్నీ కొత్తవే వేయండి, పాతవి బాగున్నట్టు కనిపించినా సరే.

యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ వేగం దిగకపోతే, ప్లగ్ తెల్లబడితే ఆ రోజే ఆపండి. లాంగ్ డ్రైవ్‌లో ఎడమచేతి రెండు వేళ్లు క్లచ్ మీదే ఉంచడం అలవాటు చేసుకోండి. ఇంజన్ దానంతటదే రేసయిపోయి ఆగకపోతే చోక్ లాగండి. అప్పటికీ ఆగకపోతే టాప్ గేరులో బ్రేకు గట్టిగా తొక్కి క్లచ్ వదిలేయండి.

తెల్లటి పొగ దట్టంగా వస్తోంది. గేర్ ఆయిల్ కూడా తగ్గుతోంది.

ఈ రెండూ కలిసి వచ్చాయంటే చైన్ వైపు ఆయిల్ సీలు పోయింది, ఇంజన్ గేర్ ఆయిల్‌ను పీల్చి కాలుస్తోంది. సీలుతో పాటు అక్కడి 6305 బేరింగ్‌ను కూడా మార్చేయండి, పని ఒకటే కదా. పొగ ఉండి గేర్ ఆయిల్ తగ్గకపోతే టూటీ ఆయిల్ ఎక్కువ పోస్తున్నారు, లేదా సైలెన్సర్‌లో ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు కాలుతోంది.

గేర్ ఆయిల్, గేర్లు, క్లచ్ సంగతి?

ఎస్ఏఈ 90 గేర్ ఆయిల్, సుమారు 700 మి.లీ. క్లచ్ కూడా ఈ ఆయిల్‌లోనే తడుస్తుంది, కాబట్టి లారీల డిఫరెన్షియల్ కోసం వచ్చే ఘాటైన జీఎల్-5 రకం వద్దు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు కింది బోల్టు విప్పండి. దానికి అయస్కాంతం ఉంటుంది. దాని మీద మెత్తటి నల్ల పేస్టు మామూలే. గోరుకు గరుకుగా తగిలే ముక్కలు కనిపిస్తే గేరు పళ్లు గానీ చైన్ గానీ చెప్పే మాట అది, వినాలి.

గేరు పడకపోయినా, పడి జారిపోయినా ముందు కేబుళ్లు చూడండి. రెండు కేబుళ్లు ఉంటాయి, ఒకటి లాగుతుంటే ఒకటి వదులుతుంది. హ్యాండిల్ మీది న్యూట్రల్ గుర్తుకు, ఇంజన్ న్యూట్రల్‌కు సరిపోయేలా కింద అడ్జస్టర్లు సర్దితే పదిలో ఏడు బండ్లు అక్కడే బాగవుతాయని నా అనుభవం. కొత్త క్లచ్ కార్కు ప్లేట్లను వేసే ముందు రాత్రంతా గేర్ ఆయిల్‌లో నానబెట్టండి.

పంక్చర్ అయితే చక్రం నేనే విప్పుకోవచ్చా?

విప్పుకోవచ్చు, కానీ ఈ పేరా రెండుసార్లు చదవండి. రిమ్ము రెండు సగాలను నట్లతో బిగించి ఉంటారు. చక్రాన్ని హబ్‌కి పట్టే నట్లు వేరు, రిమ్ము సగాలను కలిపే నట్లు వేరు. ట్యూబులో గాలి ఉండగా రిమ్ము నట్లు విప్పితే సగం రిమ్ము ఎగిరి ముఖానికి తగులుతుంది. వాల్వు పిన్ను తీసి, గాలి పూర్తిగా పోయాకే ముట్టుకోండి. టైరు 3.50-10, పాత పెట్రోలు చేతక్‌కి వేసేదే, ఏ టైరు షాపులోనైనా దొరుకుతుంది.

యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు, వదిలినప్పుడు వెనక చక్రం దగ్గర టక్కుమంటే హబ్ నట్ వదులైంది. ఆ రోజే బిగించాలి, ఆలస్యం చేస్తే లోపలి పళ్లు కొట్టుకుపోతాయి, హబ్‌తో పాటు షాఫ్ట్ కూడా మార్చాలి. మీ దగ్గర పొడవాటి పానా, టార్క్ రెంచి లేకపోతే ఇది బయట బిగించుకోండి.

బ్రేకులు ఎంత బిగించినా పట్టడం లేదు.

షూలు అరిగాయో, గ్రీజు తగిలిందో డ్రమ్ము తీస్తే తెలుస్తుంది. పాత షూలలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్మును నోటితో ఊదకండి, గాలి కొట్టించకండి. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి. కేబుళ్లు కొత్తవి వేసి నూనె పెట్టండి. అన్నీ బాగున్నా ఇది నేటి డిస్క్ బ్రేకులా ఆగదు, ముందు బండికి రెట్టింపు దూరం ఉంచుకోండి.

లైటు దీపంలా వెలుగుతోంది, బల్బులు ఊరికే మాడిపోతున్నాయి.

6 వోల్టుల ఏసీ వ్యవస్థ ఇంజన్ వేగం మీదే ఆధారపడుతుంది, నిలబడినప్పుడు లైటు తగ్గడం సహజం. వెనక బల్బు మాడితే దాని వాటా వోల్టేజీ ముందు బల్బు మీద పడి అదీ మాడుతుంది. అందుకే ఒకటి పోగానే వెంటనే మార్చండి, వాట్లు సరిగ్గా అవే ఉండాలి. ఎర్త్ తీగ కలిసే చోట పెయింటు, తుప్పు గీకేయండి. రాత్రి ఎక్కువ తిరిగేవాళ్లు 12 వోల్టుల ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కి మార్చుకుంటున్నారు, పాయింట్ల బాధ కూడా పోతుంది. నేను మార్చలేదు. మార్చినా పాత ప్లేటును, మాగ్నెట్‌ను దాచిపెట్టండి.

స్పేర్లు దొరుకుతాయా?

బేరింగులు, సీళ్లు సైజు చెప్పి రాణిగంజ్‌లో కొనండి, పేరున్న కంపెనీవే. కేబుళ్లు, రబ్బర్లు, గ్యాస్కెట్లు పుత్లీబౌలి వైపు పాత దుకాణాల్లో అడగండి. పాత పార్టును చేతిలో పట్టుకెళ్లడం తప్పనిసరి, ఎందుకంటే ఎల్‌ఐది, జీపీది చూడటానికి ఒకేలా ఉండి లోపల తేడా ఉంటుంది. పిస్టన్ రింగులు, పాయింట్లు మాత్రం చవక రకం వద్దు. పాత ఇటలీ పార్టు అరిగినా సరే పారేయకండి, చాలావాటిని లేత్ మీద బాగు చేయించవచ్చు.

హెడ్డు విప్పి కార్బన్ గీకాలి. భయపడాలా?

అక్కర్లేదు. ఇంజన్ పూర్తిగా చల్లారాక, నాలుగు నట్లను ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేస్తూ విప్పండి. కార్బన్‌ను చెక్కతో గీకండి, ఇనుముతో కాదు. తిరిగి బిగించేటప్పుడు కూడా ఎదురెదురుగానే, 20 న్యూటన్-మీటర్ల దగ్గర ఆపండి. బలం చూపిస్తే స్టడ్డు మర ఊడి వస్తుంది.

ఏ పని ఇంట్లో చేయకూడదు?

బోరు కొట్టడం, క్రాంక్ విప్పి కనెక్టింగ్ రాడ్ మార్చడం, విరిగిన స్టడ్డు తీయడం. ఇవి లేత్ వాళ్ల పని. అయితే వాళ్ల దగ్గరికి పిస్టన్ ముందే కొని తీసుకెళ్లండి. పిస్టన్‌ను కొలిచి దానికి తగ్గట్టు బోరు కొట్టాలి, బోరు కొట్టేసి పిస్టన్ వెతకడం తప్పు. ఎల్‌ఐ 150 అసలు బోరు 57 మి.మీ., స్ట్రోక్ 58.

ఆర్.సి. గడువు ఎప్పుడో అయిపోయింది. ఏం చేయాలి?

రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు, ఆ తర్వాత ప్రతి 5 ఏళ్లకు రెన్యువల్ చేయించాలి. ఫారం 25తో దరఖాస్తు, బండి తనిఖీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, గ్రీన్ ట్యాక్స్ ఉంటాయి. బండి వయసు 50 దాటితే 2021లో వచ్చిన నిబంధనల కింద వింటేజ్‌గా కూడా నమోదు చేయించవచ్చు. అలా చేస్తే పాత నంబరు ఉంచుకోవచ్చు, కానీ రోజువారీ పనులకు రోడ్డు మీద తిప్పడానికి వీలుండదు. నేను ఆదివారాలు కూరగాయలకు కూడా దీని మీదే వెళతాను కాబట్టి మామూలు రెన్యువలే చేయించాను. తనిఖీకి వెళ్లేముందు చాసిస్ నంబరు మీది పెయింటును, గ్రీజును తుడిచి అక్షరాలు కనపడేలా చేసుకోండి. గీకి నంబరు చెరపకండి.

రెండు మూడు నెలలు ఊళ్లో ఉండను. బండిని ఎలా వదిలి వెళ్లాలి?

ట్యాప్ మూసి, కార్బొరేటర్‌లో పెట్రోలు అయిపోయి ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడపండి. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, లోపల కొద్దిగా టూటీ ఆయిల్ పోసి అటూ ఇటూ ఊపండి. ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ వేసి రెండుసార్లు కిక్ మెల్లగా నొక్కి, ప్లగ్ బిగించండి. చక్రాలు నేలకు తగలకుండా స్టాండు కింద చెక్క పెట్టండి. ప్లాస్టిక్ పట్టా కప్పకండి, చెమ్మ పట్టేస్తుంది, పాత నూలు దుప్పటి మేలు. తిరిగొచ్చిన రోజు కొత్త పెట్రోలు పోసి, స్టార్ట్ చేసే ముందు ప్లగ్ తీసి నాలుగు కిక్కులు కొట్టి, లోపలి ఆయిల్ చిమ్మిపోయాక ప్లగ్ బిగించండి. మొదటి రెండు నిమిషాలు పొగ బాగా వస్తుంది, పక్కింటివాళ్లకు ముందే ఒక మాట చెప్పండి.